గొంగడి ముందు తంగేడు: పాత పూల చిత్రాల పద్ధతిలో ఫొటో తీయడం ఎలా

చీకటి తెర ముందు పూలకూజా, పక్కన సగం ఒలిచిన నిమ్మకాయ, బల్ల మీద రాలిన రెండు రేకలు. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుల పూల బొమ్మలు చూసినవాళ్లకు అలాంటి ఫొటో ఒకటి తీయాలనిపిస్తుంది. అనిపించగానే చాలామంది చేసే పని ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ ట్యులిప్‌లు, పాతవాటిలా కనిపించే కొత్త కూజా, ముడతల నల్ల తెర ఆర్డరు పెట్టడం. ఆ డబ్బులు మిగుల్చుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లలో, సంతల్లో, పొలం గట్ల మీద దొరికేవాటితోనే ఆ ఫొటో వస్తుంది. ఆ బొమ్మల్లో నేర్చుకోవాల్సింది పూల జాబితా కాదు, అవి తయారైన తీరు.

ఆ తీరులో ఒక గుట్టు ఉంది. ఆ కూజాల్లోని పూలు నిజానికి ఎప్పుడూ ఒకచోట లేవు. ట్యులిప్ పూసే కాలం వేరు, గులాబీ పూసే కాలం వేరు. చిత్రకారులు ఏ పువ్వు వచ్చినప్పుడు ఆ పువ్వును గీసి పెట్టుకుని, తర్వాత అన్నిటినీ ఒకే కూజాలో కూర్చేవారు. యాన్ వాన్ హౌసుమ్ అనే చిత్రకారుడు 1742లో రాసిన ఉత్తరంలో, పసుపు గులాబీ దొరక్క బొమ్మ పూర్తి కాలేదని చెప్పుకున్నాడు. అంటే శిశిరంలో పూసే మోదుగనూ, బతుకమ్మ నాటి గునుగునూ ఒకే ఫొటోలో పెడితే అది మోసం కాదు, అసలు సంప్రదాయమే అది. ఎలా పెట్టాలో కింద చెబుతాను.

ఇంకో మాట. ఆ బొమ్మలు కొనుక్కున్న డచ్ వర్తకులకు మన నేల కొత్తది కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే వాళ్లు గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నంలో వ్యాపార కోఠీ పెట్టుకుని, పూలతీగల అద్దకం బట్టలు ఓడల కొద్దీ తీసుకుపోయారు. కాబట్టి మన బట్టను, మన పాత్రను ఆ ఫొటోలో పెట్టడానికి మొహమాటం అక్కర్లేదు.

వెలుతురుతో మొదలుపెట్టండి

పూలు కొనకముందే కిటికీ చూసుకోండి. నల్లగొండను ఆనుకుని ఉన్న పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూశారా? గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడి ఉంటుంది. బయట సూర్యుడు తిరుగుతూనే ఉంటాడు. లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురు. మీ గదిలో మీకు కావలసింది సరిగ్గా అదే: దిక్కు ఉండాలి, ఎండపొడ ఉండకూడదు.

ఉత్తరం కిటికీ అన్నిటికంటే మంచిది. యూరప్ వాళ్ల పుస్తకాలు ఉత్తరం కిటికీలోకి ఎండే రాదన్నట్టు రాస్తాయి. మన దగ్గర అది పూర్తిగా నిజం కాదు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, పొద్దున సాయంత్రం ఇంకా ఉత్తరానికి జరుగుతాడు. ఆ నెలల్లో కిటికీకి పలచని తెల్ల పంచె కట్టండి. ఉత్తరం కిటికీ లేనివాళ్లు పొద్దున పడమటి కిటికీని, సాయంత్రం తూర్పు కిటికీని వాడుకోండి.

డచ్ బొమ్మల్లో చాలావరకు వెలుతురు ఎడమవైపు పైనుంచి పడుతుంది. అందుకని కిటికీ మీకు ఎడమవైపు ఉండేలా బల్ల వేసుకోండి. కిటికీ కింది సగాన్ని అట్టపెట్టె ముక్కతో మూసేయండి. దాంతో వెలుతురు పైనుంచి వాలుగా దిగుతుంది, పువ్వు కింద నీడ చిక్కబడుతుంది. పాత ఇంట్లో ఉంటే కిటికీ కూడా అక్కర్లేదు, చెక్క దర్వాజ ఒక రెక్క మూసి ఒక రెక్క తెరిస్తే చాలు. ట్యూబులైటు, బల్బులు అన్నీ ఆర్పండి. గోడలకు నీలం రంగో పచ్చరంగో ఉంటే అది పూల మీద పడి తెల్లపూలు జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. దగ్గరి గోడకు తెల్ల దుప్పటి వేలాడదీయండి.

తెరగా గొంగడి

నల్ల చార్ట్ పేపరు మెరుస్తుంది. శాటిన్ ఇంకా ఘోరం. నేను చూసిన తెరలన్నిటిలో ముతక నల్ల గొంగడిని మించింది లేదు. ఉన్ని వెలుతురును మింగేస్తుంది, తిరిగి ఇవ్వదు. పైగా ఆ నలుపు అచ్చమైన నలుపు కాదు. దక్కనీ గొర్రెల ఉన్నిలో గోధుమ వన్నె ఉంటుంది. పాత నూనెరంగుల బొమ్మల్లో వెనకభాగం కూడా అలాంటి ముదురు గోధుమే. మహబూబ్‌నగర్ వైపు కురుమ కుటుంబాలు నేసేవి ఇంకా దొరుకుతున్నాయి. తాతల నాటిది ఇంట్లో ఉంటే దులిపి వాడుకోండి, దులపకపోతే పూలకు బదులు దుమ్ము ఫొటో వస్తుంది.

గొంగడిని పూలకు నాలుగైదు అడుగులు వెనక కట్టండి. దగ్గర కడితే నేత పోగులు కనిపిస్తాయి, పూల నీడ కూడా దాని మీద పడుతుంది.

బల్ల పైభాగానికి షాబాదు బండ ముక్క చక్కగా కుదురుతుంది, పాలిష్ లేనిదైతే. బండ మీద ఒక మూల బట్ట జారవిడవండి. పుట్టపాక తేలియా రుమాలు ముదురు ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో ఉంటుంది కాబట్టి చీకటి తెరతో పోట్లాడదు. గద్వాల చీర జరీ అంచు కూడా బాగుంటుంది, కానీ అంచు ఒక్కటే కనిపించాలి. చీరంతా పరిస్తే చూసేవాళ్లు చీరనే చూస్తారు.

పాత్ర విషయంలో ఒకే హెచ్చరిక: స్టీలు వద్దు. అది గదిలో ఉన్న సమస్తాన్నీ, మిమ్మల్ని కూడా, ఫొటోలోకి లాగుతుంది. ఇత్తడి చెంబు, కంచు గిన్నె, మట్టి కూజా, చిన్న గురిగి ఏదైనా సరే. ఇత్తడిని చింతపండుతో తళతళలాడేలా తోమకండి. మెడ దగ్గర మాత్రం తుడిచి, పొట్టభాగం మసకగా వదిలేస్తే కిటికీ వెలుతురు ఒక్క చుక్కగా మెరుస్తుంది. బిద్రీ పాత్ర ఉన్నవాళ్లు అదృష్టవంతులే, అయితే నల్లని లోహం నల్లని తెరలో కలిసిపోతుంది. వెలుతురును తిప్పికొట్టే తెల్ల థర్మోకోల్ ముక్క కుడివైపు నిలబెడితే వెండి పనితనం పైకి తేలుతుంది.

పూలు తేవడం, నిలబెట్టడం

పొద్దు పొడవకముందే కోయండి. రైతు పొలం గట్టయితే అడిగి కోయండి. కాడను ఏటవాలుగా కత్తిరించి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి, చీకటి గదిలో మెడలోతు నీళ్లలో రెండు మూడు గంటలు ఉంచండి. ఈ ఒక్క పని చేస్తే సగం పూలు వాడిపోవు. నీళ్లలో కలపడానికి ఇంటి మందు: లీటరు నీళ్లకు ఒక చెంచా చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం, ఒక చెంచా బట్టల బ్లీచింగ్ ద్రావణం. చక్కెర పూలకు తిండి, బ్లీచింగ్ నీళ్లు కుళ్లకుండా ఆపుతుంది.

నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మన బోరునీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే కాదు, కోసిన పూలనూ దెబ్బతీస్తుంది. గ్లాడియోలస్, జెర్బెరా దీనికి త్వరగా లొంగిపోతాయి, రేకల అంచులు మాడినట్టు అవుతాయి. పూలబజారులో తాజాగా కొన్నవి ఇంటికి తెచ్చిన మర్నాడే ముఖం మాడ్చుకుంటే పూలమ్మే ఆమెను తిట్టకముందు నీళ్లను అనుమానించండి. వాననీళ్లు పట్టుకోండి, లేదంటే ఫిల్టరు నీళ్లు వాడండి.

ఒక్కో పువ్వుకు ఒక్కో గుణం ఉంది. మందారం ఒక్కరోజు పువ్వు. నీళ్లలో పెట్టినా పెట్టకపోయినా దాని ఆయువు అంతే, కాబట్టి దాన్ని నీళ్లు లేకుండా బల్ల మీద పడుకోబెట్టవచ్చు. రాలిన పువ్వు కావాలంటే దానికంటే తేలికైనది లేదు. గుమ్మడి పువ్వు తెల్లారి విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది, దాని ఫొటో మొట్టమొదట తీయాలి. తామర మొగ్గలు కొంటే అవి చెంబులో వాటంతటవి విచ్చుకుంటాయని కూర్చోకండి, పై రేకలను వేళ్లతో మెల్లగా వెనక్కి మడవండి. తంగేడు రేకలు త్వరగా రాలుతాయి, కొమ్మతో సహా విరిచి తెచ్చుకోండి. గునుగు, పట్టుకుచ్చులు ఎండినా రూపు చెడవు. గన్నేరు, నందివర్ధనం పాలు కారుతాయి, కాడ చివర దీపం మంటకు చూపితే ఆగుతాయి. గన్నేరు విషం, పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకపోవడమే నయం.

పురుగు తిన్న ఆకులు పారేయకండి. రాచెల్ రౌష్ (1664–1750) తండ్రి వృక్షశాస్త్రం, శరీరశాస్త్రం తెలిసినవాడు. ఆమె బొమ్మల్లో చిల్లులు పడ్డ ఆకులు, గొంగళిపురుగులు, చీమలు పువ్వులతో సమానంగా ఉంటాయి. పదిమంది పిల్లల్ని కన్న ఆ తల్లి 83 ఏళ్ల వయసులో కూడా బొమ్మ వేసి, తన వయసు కూడా దాని మీద రాసుకుంది. ఆమె పుట్టకముందే, 1630ల్లో, డచ్ వాళ్లు వెర్రెత్తిపోయి కొన్న చారల ట్యులిప్‌ల అందం వెనక ఉన్నది కూడా తెగులే. పేనుబంక మోసుకొచ్చే వైరస్ వల్ల ఆ చారలు ఏర్పడతాయని 20వ శతాబ్దంలో గానీ తేలలేదు.

పేర్చడం

చెంబు మూతిలో అరటిబోదె ముక్క బిగించండి. పెళ్లిమండపాలు అలంకరించేవాళ్లు చేసేది ఇదే. తడి ఉంటుంది, గుచ్చిన కాడ గుచ్చినట్టే నిలుస్తుంది. మెత్తటి కాడలకు ముందు చీపురుపుల్లతో దారి చేయండి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాలి. 1600 తర్వాతి తొలి దశాబ్దాల్లో ఆంబ్రోసియస్ బోస్‌హార్ట్ వంటివాళ్లు ఏ పువ్వూ మరో పువ్వును పెద్దగా కప్పకుండా, ప్రతిదీ మనవైపు ముఖం తిప్పి ఉండేలా వేశారు. గ్రూపు ఫొటోలో అందరి ముఖాలూ కనబడాలన్న పట్టుదల అది. నూరేళ్ల తర్వాత వాన్ హౌసుమ్ కాలానికి పూలు ఒకదాని మీద ఒకటి ఒరిగి, కొన్ని వెనక్కి తిరిగి, కొన్ని చీకట్లో సగం మునిగిపోయాయి. ఫొటోకు రెండోదే నప్పుతుంది. మొదటి తీరులో అన్ని పూలూ స్పష్టంగా ఉండాలి, కెమెరాకు అది కష్టం.

పెద్ద కొమ్మలు ముందు గుచ్చండి: ఎడమ పైన తంగేడు కొమ్మ ఒకటి, దానికి ఎదురుగా కుడి కింద బల్ల అంచు దాటి వేలాడే తీగ ఒకటి. కాకర తీగైనా, బీర తీగైనా సరే. ఈ రెండింటి మధ్య ఒక వంకర గీత ఊహించుకోండి. లేత రంగులు, తెల్లచామంతి లాంటివి, ఆ గీత నడుమ, కిటికీ వెలుతురు నేరుగా తగిలేచోట పెట్టండి. ముదురు ఎరుపు పట్టుకుచ్చులు అంచుల్లోకి, నీడలోకి నెట్టండి. ఒక బంతిపువ్వును తప్పకుండా వెనక్కి తిప్పండి. బంతి వెనకభాగపు ఆకుపచ్చ దొన్నె ఎంత అందమైనదో ఎవరూ చూడరు. గుండ్రంగా, అన్ని వైపులా సమానంగా వచ్చిందంటే రెండు పూలు పీకేయండి. బతుకమ్మను పేర్చి అలవాటైన చేతులకు వరసలు సమంగా పెట్టాలనిపిస్తుంది, ఇక్కడ ఆ చేతిని ఆపుకోవాలి.

ఇక ఆ ఒలిచిన నిమ్మకాయ. విల్లెమ్ కాల్ఫ్ లాంటి డచ్ చిత్రకారులు దాని తొక్కను చుట్టలు చుట్టలుగా బల్ల మీంచి జారవిడిచేవారు. నల్లగొండలో ఉండి నిమ్మకాయ వెతుక్కోవడమెందుకు? బత్తాయి ఉంది. పదునైన చాకుతో పైనుంచి మొదలుపెట్టి తెగకుండా చుట్టూ ఒలవండి, కింద సగం తొక్క వదిలేయండి. పచ్చని తొక్క, తెల్లని లోపొర, తేనెరంగు తొన: మూడు రంగులూ ఒక్క కాయలోనే దొరుకుతాయి. దసరా రోజుల్లో అయితే మహబూబ్‌నగర్ వైపు సీతాఫలం కూడా వస్తుంది. బాలానగర్ రకం గరుకు తొక్క మీద పక్కవెలుతురు పడితే చూడాలి. కాయలను అన్నిటికంటే చివర, కెమెరా సిద్ధమయ్యాక కోయండి. ఈగ వాలితే తోలకండి. ఈగ కూడా ఆ బొమ్మల్లో ఉన్నదే.

కెమెరా

ఫ్యాను ఆపండి. కెమెరా ట్రైపాడ్ మీద, చెంబు మెడ ఎత్తులో ఉండాలి. 50 నుంచి 85 మిల్లీమీటర్ల లెన్సు, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీవ్రత) 100, లెన్సు రంధ్రం ఎఫ్/8 లేదా ఎఫ్/11. షట్టరు పావు సెకను నుంచి రెండు మూడు సెకన్ల దాకా పోతుంది, పోనివ్వండి. రెండు సెకన్ల టైమరు పెడితే చేయి తగిలి కదలదు. వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగా చూపే సెట్టింగు) ఆటోలో వద్దు, పగటి వెలుతురుకు స్థిరంగా పెట్టండి.

ఫ్రేము నిండా గొంగడి ఉంటే కెమెరా అది చీకటనుకుని వెలుతురు పెంచేస్తుంది. ఎక్స్‌పోజరును ఒకటి, ఒకటిన్నర స్టాపు తగ్గించండి (ఒక స్టాపు తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది). బంతి, తంగేడు లాంటి పసుపుల్లో ఎరుపు చానెల్ అన్నిటికంటే ముందు నిండిపోయి రేకల గీతలు మాయమవుతాయి. హిస్టోగ్రాములో (ఫొటోలో వెలుతురు ఎంతెంత ఉందో చూపే గ్రాఫులో) ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులనూ విడివిడిగా చూసుకోండి. ఫోనైతే దగ్గరికి పోకుండా నాలుగడుగులు వెనక్కి జరిగి 2 ఎక్స్ లెన్సు వాడండి, తెల్లటి పువ్వు మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, వెలుతురు గీతను కిందికి లాగండి.

నీడవైపు మరీ నల్లగా ఉంటే కుడి పక్క థర్మోకోల్ పెట్టండి. చాలామంది ఈ థర్మోకోల్‌ను అతిగా వాడి నీడను చంపేస్తారు. నా ఓటు నీడకే.

రెండు కాలాల పూలు ఒకే చెంబులో

వాన్ హౌసుమ్ పసుపు గులాబీ కోసం ఆగినట్టు మీరు మోదుగ కోసం ఆగాలి. అక్టోబరులో గునుగు, తంగేడుతో ఫొటో తీసినప్పుడు బల్ల కాళ్లు, ట్రైపాడ్ కాళ్లు ఉన్నచోట నేల మీద టేపు అంటించండి. కెమెరా ఎత్తు, లెన్సు, సెట్టింగులు, సమయం, కిటికీ అట్ట ఎంతవరకు ఉందో నోటుబుక్కులో రాసుకోండి. చెంబులో మోదుగ కొమ్మ రావాల్సిన చోటు ఖాళీగా వదలండి. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూసినప్పుడు అదే చోట, అదే గొంగడి ముందు, కొమ్మను ఒక్కదాన్నే ఆ ఖాళీలో నిలబెట్టి తీయండి.

కలపడం అనుకున్నంత కష్టం కాదు, గొంగడి పుణ్యమా అని. ఫొటోపియా, గింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండో ఫొటోను మొదటిదాని మీద లేయరుగా పెట్టి, బ్లెండ్ మోడ్‌ను లైటెన్‌కు మార్చండి. నలుపు మాయమై పువ్వు ఒక్కటే మిగులుతుంది. ఒక పువ్వు మరోదాన్ని కప్పేచోట మాత్రం మాస్కు గీయాలి, అంటే పై లేయరులో అక్కర్లేని భాగాన్ని దాచేయాలి. ఇదే ఉపాయం ఒక్కరోజులోనూ పనికొస్తుంది: పొద్దున గుమ్మడి పువ్వు, పది గంటలకు మిగతావి, కెమెరా కదపకుండా.

తెర లేని పద్ధతులు

చీకటి నచ్చనివాళ్లకు మొఘల్ దారి ఉంది. 1620 వసంతంలో జహంగీర్ కాశ్మీరు వెళ్లినప్పుడు ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ అక్కడి పూలను వందకు పైగా గీశాడని చక్రవర్తే రాసుకున్నాడు. ఒకే మొక్క, ఖాళీ లేతరంగు నేపథ్యం, నీడ దాదాపు లేదు. మొగ్గ, విచ్చిన పువ్వు, వాడుతున్న పువ్వు ఒకే కొమ్మ మీద ఉంటాయి. దీనికి మబ్బు పట్టిన రోజు, వరండా, సున్నం గోడ చాలు. దూరం నుంచి జూమ్ చేసి తీస్తే చదునుగా వస్తుంది.

అలంపురం నవబ్రహ్మ ఆలయాల స్తంభాల మీద చెక్కిన పూర్ణఘటం మరో నమూనా: నిండు కుండ, మూతి నుంచి రెండు పక్కలకూ జారే ఆకులు. ఇది సమంగానే ఉండాలి, డచ్ నియమాలు ఇక్కడ చెల్లవు. మట్టికుండలో తామరలు నడుమ పెట్టి, వెలుతురు బాగా పక్కనుంచి పడనివ్వండి. గుడికి వెళ్లి నమూనా ఫొటో తీసుకోండి గానీ, పురావస్తు శాఖ సంరక్షణలోని చోట్ల ట్రైపాడ్‌కు ముందే అనుమతి అడగాలి.

నలుపు తెలుపు ఇష్టమైతే 1850ల్లో, ఫిల్ము రాకముందు, ఫొటోలకు వాడిన గాజు పలకల రూపం ప్రయత్నించండి. ఫ్రాన్సులో ఆడాల్ఫ్ బ్రౌన్ బట్టల డిజైనర్ల కోసం మూడు వందల దాకా పూల ఫొటోలు అలాగే తీశాడు. ఆ పలకలకు నీలం వెలుతురు మాత్రమే బాగా తెలుస్తుంది. నలుపు తెలుపుకు మార్చేటప్పుడు ఎరుపు, పసుపు స్లైడర్లను బాగా దించి, నీలం పెంచండి. తంగేడు దాదాపు నల్లబడుతుంది, నీలి శంఖుపూలు తెల్లగా వెలుగుతాయి. తెలిసిన పూలే వింతగా కనిపిస్తాయి.

దిద్దుబాటు, ప్రింటు

రంగు ఫొటోల మీద పసుపు ఫిల్టరు వేసి పాతదనం తేవాలని చూడకండి. పాత బొమ్మల పసుపు చిత్రకారులు వేసింది కాదు, వార్నిష్ ముదిరి వచ్చింది. శుభ్రం చేసిన బొమ్మల్లో తెలుపు తెల్లగా, నీలం నీలంగా ఉంటుంది. గొంగడి పోగులు కనిపించనంత వరకు నలుపును కాస్త దించండి, రంగుల గాఢత కొంచెం తగ్గించండి, అంతే చాలు.

ప్రింటుకు మెరుపు లేని మ్యాట్ కాగితం అడగండి. గ్లాసీ మీద ఆ చీకటంతా అద్దమై మీ ముఖమే కనిపిస్తుంది. ల్యాబుల్లో చీకటి ఫొటో కనబడగానే తప్పుగా వచ్చిందనుకుని వెలుతురు పెంచి వేసే అలవాటు ఉంది. ఫైలు ఇచ్చేటప్పుడే "కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి" అని చెప్పి, ముందు చిన్న సైజులో ఒక ప్రింటు తీయించుకుని, పగటి వెలుతురులో చూశాకే పెద్దదానికి డబ్బులు కట్టండి.